దస్త్రం ఉన్నది, చదివేవారేరీ?

కంప్యూటరులోని 'ఫైలు'కు తెలుగు మాట కావలసివచ్చినప్పుడు మన బ్లాగ్మిత్రులు కొందరు 'దస్త్రం' అనే మాటను వాడుకలోకి తెచ్చారు. అది అప్పటికప్పుడు పుట్టించిన మాట అని చాలామంది అనుకొన్నారు. నిజానికది మా కరీంనగరం, ఆదిలాబాదు పల్లెలలో ప్రతి పట్వారీ ఇంటా వినిపించిన మాట. పారసీకం నుంచి వచ్చి తెలుగుదనం పొందిన మాట. బట్టలో మూటగట్టి, పైన తాడు బిగించి, అటకమీదనో కొయ్యపెట్టెలోనో దాచిన కాగితాల కట్టకు దస్త్రమని పేరు. 1984లో వంశపారంపర్య గ్రామాధికారాలు రద్దయ్యాయి. సర్కారు లెక్కలు సర్కారుకు వెళ్ళాయి. ఇంటి కాగితాలు ఇంటనే మిగిలాయి. నలభై ఏళ్ళుగా ఎన్నో దస్త్రాలు విప్పేవారు లేక అలాగే పడి ఉన్నాయి.

పట్వారీల ఇళ్ళలోనే కాదు. దేశ్‌ముఖుల గడీలలో, కోమట్ల దుకాణాలలో, పురోహితుల ఇళ్ళలో, సాలెల మగ్గాల గదులలో, గోండు గూడేలలో కూడ ఏదో ఒక రూపాన వంశపు జ్ఞాపకాలున్నాయి. ఒక ఇంట తాటాకుల కట్ట, ఒక ఇంట సన్నదు, మరొక ఇంట పేరు చెక్కిన ఇత్తడి బిందె. వీటిని చెదలు తింటున్నాయని అందరూ వాపోతారు. చెదలు తినడం నిజమే. కాని అంతకు ముందే ఇంకొకటి పోతుంది: ఆ కాగితాన్ని చదివి, ఇది ఫలానాది, ఫలానావారిది అని చెప్పగలిగే మనిషి పోతాడు. చదవరాని కాగితానికి ఇంట్లో గౌరవం ఉండదు. గౌరవం లేని దానిని చెదలకు మనమే అప్పగిస్తాము. కనుక వంశపత్రాలను కాపాడడమంటే మొదట వాటి అర్థాన్ని కాపాడడం, ఆ తరువాతనే కాగితాన్ని కాపాడడం. ఈ టపాలో నేను చెప్పదలచుకొన్నది ఇంతే. మిగిలినదంతా దానికి ఉదాహరణలు, కొంత ఉపాయం.

మా జిల్లాలో దొరికిన వంశచరిత్రలలో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి కాగితం మీద లేదు, రాతిమీద ఉన్నది. కరీంనగరానికి చేరువలో గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట ఉన్నది. దానిమీద సుమారు క్రీ.శ. 945 నాటి శాసనం ఒకటి ఉన్నది. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. పంపకవి వేములవాడ చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండి 941లో విక్రమార్జున విజయం రచించినవాడు. శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు అనే మూడు భాషలలో ఉన్నది. తెలుగు భాగంలో మూడు కందపద్యాలున్నాయి. నన్నయకు సుమారు నూరేళ్ళ ముందటి కందాలు కావడంచేత మన ఛందస్సు చరిత్ర చెప్పేవారంతా వాటిని తలచుకొంటారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిన సందర్భంలోను వీటి ప్రస్తావన వచ్చింది.

ఛందస్సును కాసేపు పక్కన ఉంచి చూడండి. ఆ శాసనంలో తమ పూర్వుల ఊరు వంగిపర్రు అని ఉన్నది. గోత్రం శ్రీవత్సమని ఉన్నది. తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె అని పేర్లున్నాయి. అన్నగారికి అరికేసరి ఇచ్చిన అగ్రహారం ధర్మవురమని ఉన్నది. అది మన ధర్మపురియేనని పలువురి అభిప్రాయం. తాను కట్టించిన త్రిభువనతిలక బసది, తవ్వించిన కవితాగుణార్ణవ తటాకం, పెంచిన మదనవిలాసమనే తోట కూడ పేర్లతో సహా ఉన్నాయి. కవితాగుణార్ణవుడన్నది పంపకవి బిరుదు. అంటే తమ్ముడు చెరువు తవ్వించి దానికి అన్న పేరు పెట్టాడన్నమాట. ఎవరు, ఎవరి బిడ్డలు, ఎక్కడివారు, ఎవరిచేత ఏమి పొందారు, ఏమి చేశారు అనే అయిదు ప్రశ్నలకు ఒక్క రాయి సమాధానం చెబుతున్నది.

ఇందులో రెండు సంగతులు గమనించదగ్గవి. ఒకటి, తల్లి పేరు చెప్పడం. అంతటి మహాకవి కన్నతల్లి పేరు వెయ్యేళ్ళ తరువాత మనకు తెలియడానికి చిన్న కొడుకు చేసిన ఈ పనే ఆధారం. రెండవది, మూడు భాషలలో చెప్పడం. ఈ గుట్ట ఎక్కేవాడు ఏ భాషవాడైనా కావచ్చునని జినవల్లభుడు ముందే ఊహించాడు. తనకు తెలిసిన భాష రేపటివాడికి తెలియకపోవచ్చునన్న ఎరుక ఆయనకున్నది. మన ఇళ్ళలో కాగితాలు దాచినవారికి ఆ ఎరుక లేకపోవడమే ఇప్పటి చిక్కు.

ఆ చిక్కు ఎంత పెద్దదో చూడండి. హైదరాబాదు రాజ్యంలో 1880ల వరకు పారసీకం రాజభాష. ఆపైన ఉర్దూ వచ్చింది. 1948 తరువాత ఇంగ్లీషు, తెలుగు వచ్చాయి. కనుక ముత్తాతకు వచ్చిన సన్నదు పారసీకంలో, తాతగారి కాలపు తీర్పు ఉర్దూలో, తండ్రిగారి రిజిస్ట్రీ కాగితం తెలుగులో ఉండడం మా వైపు సర్వసాధారణం. ఆదిలాబాదు పడమటి దిక్కున, ముథోలు, భైంసా, బోథ్ ప్రాంతాలలో మరాఠీ కాగితాలు మోడీ లిపిలో కనిపిస్తాయి. నేడు మరాఠీ చదవగలవారిలోను మోడీ చదవగలవారు అరుదు. పోనీ తెలుగు కాగితమైతే చదువుతామా అంటే, పట్వారీలు రాసిన గొలుసుకట్టు ఉన్నది. కలం ఎత్తకుండా, తలకట్టు తెలియకుండా, ఒక అక్షరం తోకను మరొక అక్షరానికి చుట్టి రాసిన ఆ రాతను భాషాప్రవీణ చదివినవాడు కూడ కూడబలుక్కోవలసిందే. లిపి మనదే, భాష మనదే, అయినా చదవలేము.

లిపి దాటితే తేదీ అడ్డువస్తుంది. పాత కాగితాలలో క్రీస్తుశకం తక్కువ. ఫసలీ సంవత్సరం ఎక్కువ. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరు తొలివారంలో 'ఆజూర్' మాసంతో మొదలవుతుంది. ఆపైన దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఆర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహరేవర్, మెహర్, ఆబాన్ వస్తాయి. కాగితం ఆజూర్ నుంచి డిసెంబరులోపలిదైతే ఫసలీకి 590 కలపాలి, జనవరి తరువాతిదైతే 591 కలపాలి. జాగీర్ల రద్దు శాసనం 1358 ఫసలీది. తేదీ 15 ఆగస్టు 1949. 1358కి 591 కలిపి చూడండి, లెక్క సరిపోతుంది. ఇక పత్రంలో 'రూపాయలు' అని ఉంటే అవి హాలీ సిక్కాలా, కల్దారా అని చూడాలి. బ్రిటిషు ఇండియా రూపాయిని మావారు కల్దారనేవారు. ఆరు కల్దార్లకు సుమారు ఏడు హాలీ రూపాయల మారకం. ఈ ఒక్క తేడా తెలియక తాతగారి అప్పును ఎక్కువచేసి చెప్పుకొనేవారున్నారు.

ఊరి చిరునామా కూడ స్థిరంగా లేదు. 1905 వరకు మా జిల్లా పేరు ఎలగందల. ఆ ఏడాదే కరీంనగరమయింది. ఆదిలాబాదు కూడ అదే ఏట జిల్లా అయింది. అంతకుముందు అది సిర్పూరు-తాండూరు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు కిన్వట్, రాజురా తాలూకాలు ఆదిలాబాదునుంచి బొంబాయి రాష్ట్రానికి వెళ్ళాయి. నాందేడు జిల్లాలోని ముథోలు ఇటు వచ్చింది. 11 అక్టోబరు 2016న మళ్ళీ విభజన జరిగి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలు వేరుపడ్డాయి. ముథోలు మనిషి తన ముత్తాత కాగితాల మీద నాందేడు పేరు చూసి, ఇది మనది కాదు, ఎవరిదో వచ్చి కలిసిందని పక్కన పడేయకూడదు. అది ఆయనదే. అతని ఊరు కదలలేదు, ఎల్లలు కదిలాయి.

చదివేవారు మిగిలితే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఆదిలాబాదులోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. నార్నూరు మండలంలో గుంజాల అనే చిన్న ఊరు. అక్కడి ఇళ్ళలో గోండీ భాషలో, అంతవరకు పండితలోకానికి తెలియని ఒక లిపిలో రాసిన చేతిరాత పుస్తకాలున్నాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని దళిత ఆదివాసీ అధ్యయన అనువాద కేంద్రం వారు కలిసి వాటిని వెలుగులోకి తెచ్చారు. వాటిలో పాతవి సుమారు 1750 నాటివని అంచనా. చాందా గోండు రాజులను గూర్చిన కథనాలు కూడ వాటిలో ఉన్నట్లు చదివినవారు తెలిపారు. గోండీకి సొంత లిపి లేదన్న మాటను ఆ పుస్తకాలు తిరగరాశాయి.

అయితే ఆ పుస్తకాలు దొరకడం ఒక్కటే అదృష్టం కాదు. అవి దొరికేనాటికి ఆ లిపిని చదవగల పెద్దలు గుంజాలలో కొద్దిమంది మిగిలి ఉన్నారు. ఆ కొద్దిమందే లేకపోతే ఆ పుస్తకాలు హరప్పా ముద్రికల పక్కన చేరేవి: చూడడానికి ఉండేవి, చదవడానికి ఉండేవి కావు. ఆ పెద్దలు నేర్పగా వాచకం తయారయింది, బడిపిల్లలకు పాఠాలు మొదలయ్యాయి, ఖతి వచ్చింది. 2018లో యూనికోడు 11వ సంచికలో 'గుంజాల గోండీ' పేరుతో ఆ లిపికి చోటు దొరికింది. మనం తెలుగులో తడబడకుండా టపాలు రాసుకొంటున్నామంటే 1991లో యూనికోడు మొదటి సంచికలోనే మన లిపికి చోటు దొరకడంవల్ల కదా. ఒక మారుమూల పల్లెలో కొన్ని ఇళ్ళవారు పెట్టెలలో దాచిన పుస్తకాలకు ఇరవయ్యేడేళ్ళ తరువాత అదే పంక్తిలో పీట దొరికింది. మోడీకి కూడ 2014లో దొరికింది. లిపికి సంకేతాలు దొరికాయి, ఇక చదివేవారు కావాలి.

కాగితమే వంశచరిత్ర అనుకోవడం కూడ పొరపాటు. గోండులకు పర్ధానులు వంశగాయకులు. ఏ ఇంటిపేరువారు ఎందరు దేవతల వర్గానికి చెందుతారు, వారి మూలపురుషులెవరు అన్నది వారు కింగ్రి మీటుతూ పాడుతారు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల వర్గాల లెక్క పాటలోనే భద్రంగా ఉన్నది. కేస్లాపూరులో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరలో మెస్రం వంశంవారు కొత్త కోడళ్ళను దేవునికి, కులపెద్దలకు పరిచయం చేస్తారు. దానిని 'భేటింగ్' అంటారు. అది పూజయే, సందేహం లేదు. నా కంటికది వంశవృక్షంలో కొత్త పేరును అందరి ఎదుట నమోదు చేయడంగా కూడ కనిపిస్తుంది. మన ఇళ్ళలో పెళ్ళి ఫోటోలు వేలకొద్దీ ఉన్నాయి గాని, వచ్చిన కోడలిని పెద్దలందరి ఎదుట కూర్చోబెట్టి పేరు చెప్పించి వంశంలో కలుపుకొనే ఏర్పాటు ఎంతమందికి ఉన్నది?

హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు 1940ల్లో ఆదిలాబాదు గోండుల మధ్య నివసించి 1948లో వారిమీద పెద్ద గ్రంథం ప్రకటించాడు. మార్లవాయి ఆయనకు రెండవ ఊరు. 1987లో మరణించిన ఆయన భార్య సమాధి కూడ అక్కడే ఉన్నది. ఆయన తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. మార్లవాయివారి ముత్తాతల ముఖాలు లండన్‌లో ఉన్నాయి, పేర్లు మార్లవాయిలో ఉన్నాయి. ముఖం ఒకచోట, పేరు ఒకచోట ఉండిపోతే రెండూ సగమే. మన గోడలమీది పటాలకైనా ఇదే వర్తిస్తుంది.

ఇంటి కాగితాలు ఒక జాతి గౌరవాన్ని నిలబెట్టిన సందర్భం మనకు తెలిసినదే. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపంతో కాక గ్రంథంతో జవాబు చెప్పారు. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. వారిలో ఎందరివో పద్యాలు అంతవరకు అచ్చుమొగం చూడనివి. ఎవరో ఒకరి ఇంట, ఎవరో ఒకరి నోట నిలిచి ఉన్నవి. ఇంటివారు దాచి ఉండకపోతే, అడిగినప్పుడు తీసి పంపి ఉండకపోతే ఆ జవాబు అంత బలంగా ఉండేది కాదు.

ఇప్పుడు ప్రభుత్వం లేదా, సంస్థలు లేవా, వారు చూసుకోరా అని అడగవచ్చు. ఉన్నాయి. హైదరాబాదులో తార్నాకలో రాష్ట్ర పురాభిలేఖాలయం ఉన్నది, ఉస్మానియా ప్రాంగణంలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉన్నది. 2003లో కేంద్రప్రభుత్వం జాతీయ రాతప్రతుల మిషన్ నెలకొల్పింది. 2025లో జ్ఞానభారతం పేరుతో కోటికి పైగా రాతప్రతుల సర్వేను ప్రకటించింది. కాని ఆ మిషన్ నిర్వచనాన్ని ఒకసారి చదవాలి. రాతప్రతి అంటే కనీసం 75 ఏళ్ళ నాటి, శాస్త్రీయ లేదా చారిత్రక, కళాత్మక విలువగల చేతిరాత గ్రంథం. ఫర్మానాలు, రెవెన్యూ కాగితాలు వంటివాటిని ఆ లెక్కలో చేర్చలేదు. అంటే మీ ఇంటి తాటాకు భాగవతానికి వారు రావచ్చు; మీ తాతగారి పహాణీ నకలుకు, మేనత్త రాసిన ఉత్తరానికి, జమాఖర్చుల పుస్తకానికి ఎవరూ రారు. ఆ పని మనదే.

ఇక్కడ స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పదవ తరగతి పిల్లలచేత ఏటేటా వంశవృక్షం రాయించేవాణ్ణి. తండ్రి వైపు నాలుగు తరాల మగవారి పేర్లు చెప్పినవారు కూడ తాతమ్మ పేరు దగ్గర ఆగిపోయేవారు. 'ఆమెను అందరూ పెద్దమ్మ అనేవారు సారూ' అని సమాధానం. భూమి కాగితాలలో ఆమె లేదు, తీర్పులలో లేదు, కచేరీ లెక్కలలో లేదు. మరెక్కడుంది? పెళ్ళినాడు పుట్టింటివారు పెట్టిన గంగాళం అంచుమీద ఉన్నది, ఇత్తడి బిందె మెడమీద ఉన్నది. చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టిన అక్షరాలలో ఆమె పేరు, ఇచ్చినవారి పేరు, ఒక్కొక్కప్పుడు ఊరు, తేదీ ఉంటాయి. పాత సామాను తూకానికి వేసి కొత్త స్టీలు తెచ్చుకొన్న ప్రతిసారీ ఒక శాసనం కరిగిపోయింది. జినవల్లభుడు రాతిమీద నిలిపిన తల్లి పేరును మనం తూకంరాళ్ళకు అమ్ముకొంటున్నాము. గిన్నెను ఉంచుకోలేకపోతే పోనీయండి, అమ్మేముందు ఆ అక్షరాలకు ఒక ఫోటో తీయండి, ఒక పుస్తకంలో రాసుకోండి. కరీంనగరం వెండి తీగెపని కుంకుమభరిణ, నిర్మల్ బొమ్మ, ఓజులు పోతపోసిన ఇత్తడి దీపం, ఏదైనా సరే, వస్తువుతో పాటు ఎవరిది, ఎప్పుడు, ఏ సందర్భం అన్న మూడు మాటలు కలిసి ఉండాలి.

మరొక కఠినమైన సంగతి. అన్ని కాగితాలూ గర్వం కలిగించేవి కావు. గడీల లెక్కలలో వెట్టి ఉన్నది, నాగుల లెక్కలున్నాయి, తరాలు గడిచినా తీరని అప్పులున్నాయి. సాయుధ పోరాట కాలంలో ఎన్నో గ్రామాలలో అప్పుపత్రాలను, పటేల్ పట్వారీల దస్త్రాలను జనం తగలబెట్టారు. వారికి ఆ కాగితం చరిత్ర కాదు, మెడకు చుట్టుకొన్న ఉరితాడు. ఆ మంట కూడ చరిత్రయే. దానిని తప్పుపట్టే అధికారం నాకు లేదు. కాని నేడు అప్పు లేదు, వెట్టి లేదు, ఉరితాడు లేదు. ఇప్పుడు అలాంటి పుస్తకాన్ని పాత ఇంటివారు సిగ్గుపడి కాల్చివేస్తే పోయేది వారి సిగ్గు ఒక్కటే కాదు. వెట్టిచేసిన మనిషి పేరు లోకంలో రాతపూర్వకంగా మిగిలినది బహుశా ఆ ఒక్క పుటమీదనే. అతని మునిమనుమడు రేపు తన వంశాన్ని వెదుక్కొంటూ రావచ్చు. ఆ పుస్తకం ఒకరి ఇంట ఉన్నా ఇద్దరి ఆస్తి. దాచేవారు ఈ సంగతి మరవకూడదు. అట్లాగని ఇతరుల అప్పులు, తగాదాలు, వ్యాధుల వివరాలు అంతర్జాలంలో పరచడం కూడ ధర్మం కాదు. వారి వారసులు అడిగితే చూపడం ధర్మం.

ఇప్పుడు ఆచరణకు వద్దాం. దస్త్రం విప్పేముందు మూసి ఉన్న మూటను ఫోటో తీయండి. విప్పిన తరువాత కాగితాలు ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుస చెరపకండి. పాతవి ఒకవైపు, కొత్తవి ఒకవైపు అని మొదటిరోజే పేర్చడం పెద్ద నష్టం. దాచినవాడు రెండు కాగితాలను ఒకదానిలో ఒకటి మడిచి పెట్టాడంటే వాటికి సంబంధం ఉన్నది. కట్టకొక అక్షరం, కాగితానికొక సంఖ్య ఇచ్చి, వెనుక మూలన మెత్తని పెన్సిలుతో చిన్నగా వేయండి. పెన్ను వద్దు, స్టాపిలరు వద్దు, గుండుసూది వద్దు. పాత గుండుసూదులు తుప్పుపట్టి ఉంటే నెమ్మదిగా తీసివేయండి.

ఒక నోటుపుస్తకంలో ప్రతి సంఖ్యకు ఎదురుగా అయిదు గళ్ళు గీయండి: ఏమిటిది, ఎవరిది, ఏ తేదీ (ఉన్నది ఉన్నట్టుగా, పక్కన క్రీస్తుశకంలో), ఏ లిపి, ఈ సంగతి ఎవరు చెప్పారు. చివరి గడి అన్నిటికన్న ముఖ్యం. 'పెద్దనాన్నగారు చెప్పారు, ఫలానా పండుగనాడు' అని ఉంటే రేపటివాడు దానిని తూచుకోగలడు. తెలియని చోట ఖాళీ ఉంచండి, ఊహతో నింపకండి. ఉర్దూ కాగితాలకు ఊళ్ళో పాత ఉర్దూ మీడియంలో చదివిన పెద్దవారిని అడగండి. నిజాం కాలంలో బడికి వెళ్ళినవారిలో తెలుగింటి పెద్దలకు కూడ ఉర్దూ వచ్చును. వారు ఎనభై దాటినవారు. వారు చదువుతుండగా ఫోనులో రికార్డు చేయండి. మనకు తొందర ఉన్నది కాగితం విషయంలో కాదు, ఆ గొంతు విషయంలో.

భద్రపరచే పద్ధతి ఖరీదైనది కాదు. కొత్త నూలుబట్టను రెండుసార్లు ఉతికి గంజి పూర్తిగా పోగొట్టి, ఆరబెట్టి, అందులో కాగితాలను బల్లపరుపుగా చుట్టాలి. గంజి ఉంటే రామబాణం పురుగు వస్తుంది. వసకొమ్ము, ఎండిన వేపాకు మన పెద్దలు వాడినవే. అయితే వాటిని చిన్న సంచిలో కట్టి పక్కన పెట్టాలి గాని కాగితానికి తగలనీయకూడదు. పెట్టె గోడకు, నేలకు ఆనకూడదు. ఏడాదికొకసారి, వానలు వెనుకబట్టిన తరువాత, నీడపట్టున విప్పి చూడాలి; ఎండలో ఆరబెట్టరాదు. తాటాకులకు నిమ్మగడ్డి నూనె పూసే పద్ధతి ఉన్నది గాని, సిరా రాలుతున్న వాటిమీద తెలిసినవారు తప్ప ఇతరులు చేయి చేసుకోరాదు.

అన్నిటికన్న పెద్ద శత్రువు లామినేషను. పట్టా పాసుపుస్తకం మొదలు పాత సన్నదు వరకు తెచ్చి వేడి ప్లాస్టిక్కులో అతికించడం మా వైపు ఒక అలవాటయింది. వేడి కాగితానికి చేటు. అతికినది మళ్ళీ ఊడదు. చిరిగినచోట సెల్లోటేపు కూడ అంతే; పదేళ్ళకు అది పసుపుపచ్చని మచ్చ అవుతుంది, కాగితాన్ని తనతో తీసుకుపోతుంది. గోడపటాలకు నేరుగా బొట్టు పెట్టవద్దు, అద్దం మీద పెట్టండి. పటం వెనుక పేర్లు రాసి పెట్టండి.

ఫోటో తీసిన బొమ్మలకు ఫోను ఇచ్చిన అంకెలే పేర్లుగా వదిలివేస్తే పాత దస్త్రం కొత్త దస్త్రంగా మారిందే గాని గతి మారలేదు. కట్ట, సంఖ్య, తేదీ, మనిషి పేరు కలిపి తెలుగులోనే పేరు పెట్టండి. మూడు నకళ్ళు, మూడు ఇళ్ళలో ఉంచండి. అన్నదమ్ముల ఇళ్ళలోనే కాదు, ఆడపడుచు ఇంట ఒకటి. అసలు పత్రాలు ఎవరివద్ద ఉన్నాయో అందరికీ తెలిసేలా రాసుకోండి. భూమి తగాదా ఉన్న కాగితమైతే అసలును ఎవరి చేతికీ ఇవ్వక, నకలు మాత్రమే ఇవ్వండి. 1954-55 ఖాస్రా పహాణీ వంటి పాత నకళ్ళకు ఇప్పటికీ కచేరీలలో పని పడుతున్నది.

ఈ పని మా రెండు జిల్లాలవారికి మరింత అవసరమని ఎందుకంటానంటే, మాకు ఊళ్ళే నిలవలేదు. శ్రీరామసాగరం కింద, దిగువ మానేరు కింద, మధ్య మానేరు కింద గ్రామాలు మునిగాయి. సింగరేణి గనులకు కొన్ని ఊళ్ళు పోయాయి. 1986లో, 2022లో గోదావరి పొంగినప్పుడు ఒడ్డున ఉన్న ఇళ్ళలోకి నీరు వచ్చింది. సిరిసిల్ల నేతగాళ్ళు భీవండికి, జగిత్యాల యువకులు గల్ఫుకు వెళ్ళారు. మునిగిన ఊరివాడికి ఇంటి నంబరు ఉన్న పన్ను రసీదే ఊరు. దుబాయి నుంచి నాన్న రాసిన ఉత్తరమే కొందరు పిల్లలకు నాన్న బాల్యకాలపు జ్ఞాపకం. రాజుల శాసనాలకు పుస్తకాలున్నాయి. వీటికి మనమే దిక్కు.

మిత్రులారా, మనం యూనికోడు తెలుగులో రాయడం మొదలుపెట్టిన రోజులలో ఒక్కొక్క పాత పుస్తకాన్ని పుట పుటగా టైపుచేసి జాలంలో పెట్టాము. ఆ ఓపికలో పదవ వంతు మన ఇంటి పెట్టెకు ఇద్దాము. ఈ వచ్చే పండుగకు అందరూ ఒకచోట చేరినప్పుడు, ఇంట్లో అందరికన్న పెద్ద వయసు వారి ఎదుట ఒకే ఒక్క కట్ట విప్పండి. పది కాగితాలు చాలు. వారు చెప్పినది రాసుకోండి. తాతమ్మ పేరు అడిగి మొదటి పుటలో రాయండి. మీకు గొలుసుకట్టు గాని, మోడీ గాని, పాత ఉర్దూ రాత గాని చదవడం వస్తే ఆ సంగతి మీ బ్లాగులో ఒక మాట వేయండి. చదవలేక పక్కన పెట్టిన కాగితం ఎవరి ఇంటనో మీకోసం ఎదురుచూస్తున్నది.